ఇవి కూడా చూడు

పలాసలో మా శాఖా గ్రంథాలయం
రైలు గేటుకి ఇవతల రెండు గదులు, ఒక వరండా.
పదిన్నర దాకా పేపరు కోసం కీచులాడుకునే పెద్దాళ్ళు,
తర్వాత నేనూ, ఇరవై నాలుగు సొరుగుల కార్డుల బీరువా.
అందులో పదకొండోది బయటికి రాదు.
వానలకి ఉబ్బింది, ఎండలకి అలిగింది.
'త' నుంచి 'న' దాకా అందులోనే ఉండిపోయాయి.

లోకాన్ని పది కుప్పలు పోసి
ఒక్కో కుప్పనీ మళ్ళీ పది చెయ్యడం
విజయనగరంలో ఏడాది కూర్చుని నేర్చుకున్నాను.
చుక్క పెట్టాక ఎంత దూరమైనా పోవచ్చు.
రోగాలకి ఆరు వందల పదహారు.
చుక్క తర్వాత ఒక్క అంకె తప్పితే
గుండెకి బదులు ఊపిరితిత్తి చేతికొస్తుంది.

మడ్డు దమయంతి జీడిపప్పు గ్రేడింగుకి పోతుంది.
షిఫ్టు దిగి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఇంకా మెడలోనే ఉండగా
గుమ్మం బయటే చెప్పులిప్పి అడిగింది:
"బాబూ, నీల్ల పుస్తకం ఉందేటి?"

ఏ నీళ్ళమ్మా, అన్నాను, చదువు వొలకబోస్తూ.
కుళాయి నీళ్ళయితే ఆరు వందల ఇరవై ఎనిమిది,
భూమి లోపలివైతే ఐదు వందల యాభై ఒకటి,
పుణ్యనదులైతే ఇదిగో, ఈ మూల.

"మా నూతిలో నీలు."

ఆ మాటకి నా దగ్గర అంకె లేదు.

సొరుగు లాగాను. రాలేదు.
ఆవిడే వచ్చి అరచేతి మడమతో కింద నుంచి
రెండు దెబ్బలు వేసింది, ట్రే బిగిస్తే వేసినట్టు.
పదకొండోది కీచుమని వచ్చేసింది.
నీతి, నీరు, నీలిమందు, నీళ్ళ తొట్టెలో చేపల పెంపకం.
నల్లబడ్డ వేళ్ళతో కార్డుల తలలు తడుముతూ పోయింది.
జీడి మరక, ఏ సబ్బుకీ లొంగనిది.

"మాకూ ఇంతే. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
ఎందులోకీ రానిది ఒకటొస్తాది.
పక్కన పెడతాం. పొద్దోయేసరికి అదో కుప్ప.
దానికి పేరు నేదు."

కొంగు ముడి విప్పి ఒక చీటీ పరిచింది.
పెనిమిటికి వారానికి మూడుసార్లు రక్తం కడుగుతారు.
రోగం పేరు రాసుంది, మందులు రాసున్నాయి.
'కారణం' అన్నచోట
డాక్టరు ఒక గీత గీసి వదిలేశాడు.

ఆ రోజు ఒక కొత్త కార్డు తీశాను.
నూతి నీళ్ళు. ఇవి కూడా చూడు: మూత్రపిండాలు.
చదివించుకుని కాసేపు ఊరుకుంది.
"అట్నుంచి కూడా రాయి బాబూ.
మా ఊరోలు ఒస్తే ముందు ఆ సొరుగే తీస్తారు."

ఎన్ని పరీక్షలు రాశాను, ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు:
వెతికేవాడు ఏ గుమ్మంలోంచి వస్తాడో
అక్కడ కదా దీపం పెట్టాలి.

రెండో కార్డూ రాశాను. అంచు మీద ఆవిడ వేలిముద్ర.

తనిఖీకి వచ్చిన అధికారి రెండింటినీ పక్కపక్కన పెట్టి
"దీనికి రుజువేదయ్యా?" అన్నాడు.
చూడు అన్నది తీర్పు కాదండి, అన్నాను,
వేలు చూపించడం అంతే.
"పోనీ, పుస్తకమేదీ?"

పుస్తకం లేదు.
ఇంకా ఎవరూ రాయలేదో, రాసి మన దాకా పంపలేదో.
అలమరలో దాని నంబరు వచ్చే చోట
రెండు వేళ్ళ ఖాళీ వదిలాను.

ఊడ్చే అప్పన్న పక్క పుస్తకాలు వాలిపోతున్నాయని
సాయంత్రం వాటిని దగ్గరికి జరుపుతాడు.
పొద్దున్నే తాళం తీసి, పేపర్లు పరవకముందే,
నేను మళ్ళీ ఎడం చేస్తాను.